ముద్దాయి పక్షానా ఒక దర్యాప్తు కావాలి
రిటైరైన పోలీసుల అనుభవం అక్కరకు వచ్చేదిలా

నందిగామ: చీకటి పడ్డాక ఊళ్లో గట్టు తగాదా ముదురుతుంది. కర్రలు లేస్తాయి. ఒకరి తల పగులుతుంది. కొట్టింది ముగ్గురే అయినా, తెల్లారేసరికి ఫిర్యాదులో పదకొండు పేర్లు ఉంటాయి. ఆ పదకొండు మందిలో, ఆ రాత్రి అసలు ఊళ్లోనే లేని అన్నగారి కొడుకు కూడా ఉంటాడు. కక్షలున్న పల్లెల్లో ఇలాంటి ఉదంతాలు కొత్తకాదు.

ఇలా ఇరుక్కున్న మనిషి తరఫున ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని పెద్దమనుషుల దగ్గరకు పరుగెత్తడం. రెండో పని ప్లీడరును పెట్టుకుని బెయిలు తెచ్చుకోవడం. బెయిలు రాగానే గండం గడిచిందనుకుని ఎవరి పనుల్లో వారు పడిపోతారు. నిజానికి చేయవలసిన మూడో పని ఒకటి ఉంది. ఆ రాత్రి అతడు ఎక్కడున్నాడో చెప్పే ఆధారాలను చెదిరిపోకముందే పోగుచేయడం. ఆ పని చేసేవారు అరుదు. ఏళ్లు గడిచి కేసు విచారణకు వచ్చేసరికి బస్సు టిక్కెట్టు చిరిగిపోతుంది. పెట్రోలు బంకు కెమెరాలోని బొమ్మ చెరిగిపోతుంది. తోడున్న మనిషి పొట్ట చేతపట్టుకుని ఎక్కడికో వలసపోతాడు.

ఈ మూడో పనిని తెలిసి చేయగలవాడు, ఒకప్పుడు అవతలి పక్కన అదే పని చేసి పింఛను పుచ్చుకుంటున్న పోలీసు ఉద్యోగి. ఏళ్ల తరబడి కేసులు కట్టిన హెడ్డు కానిస్టేబులుకు, యస్.ఐ.కి, కేసులో కీలు ఎక్కడ వదులుగా ఉంటుందో తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ప్లీడరు ఒక్కడే చాలడా?

చట్టప్రకారం దర్యాప్తు చేసేది పోలీసులే. ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్నవే కాక, అనుకూలంగా ఉన్న సంగతులు కూడా వెలికి తీయడం దర్యాప్తు అధికారి విధి. కాని ఒక యస్.ఐ. చేతిలో కేసులు అనేకం ఉంటాయి. బందోబస్తులు, పండుగలు, ఎన్నికలు సరేసరి. ఫిర్యాదు ఏ దారి చూపితే దర్యాప్తు ఆ దారినే నడవడం సహజం. "నేను ఆ రోజు ఊళ్లో లేను బాబూ" అన్న ముద్దాయి మాటను పట్టుకుని పక్క ఊరికి వెళ్లి విచారించే తీరిక అందరు అధికారులకూ ఉండదు.

ప్లీడరు కూడా ఊరూరా తిరగలేడు. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది మరొకటి ఉంది. ప్లీడరు స్వయంగా వెళ్లి ఒక సాక్షితో మాట్లాడాడనుకుందాం. ఆ సాక్షి తర్వాత కోర్టులో మాట మారిస్తే, "నాతో ఇలా చెప్పాడు" అని బోనెక్కి చెప్పవలసింది ప్లీడరే. కాని సాక్షిగా నిలబడవలసిన కేసులో తాను వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం. వేరే మనిషి వెళ్లి విచారించి ఉంటే ఈ చిక్కు ఉండదు. అవసరమైతే అతడు బోనెక్కుతాడు, ప్లీడరు వాదన సాగిస్తాడు.

అమెరికాలో ఈ ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది. ఫ్లోరిడా రాష్ట్రంలో 1961లో ఒక పేదవాడిపై దొంగతనం కేసు పెట్టారు. ప్లీడరును ఇవ్వమని అడిగితే కోర్టు ఇవ్వలేదు. శిక్ష పడింది. జైలు నుంచే అతడు సుప్రీంకోర్టుకు రాసుకున్నాడు. పేద ముద్దాయికి ప్రభుత్వమే ప్లీడరును ఇవ్వాలని 1963లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. గిడియన్ కేసుగా అది ప్రసిద్ధం. మళ్లీ జరిగిన విచారణలో కొత్త ప్లీడరు కేసు వివరాలను ముందే కూలంకషంగా తెలుసుకుని వచ్చి, ప్రధాన సాక్షిని నిలదీశాడు. అదే ముద్దాయి నిర్దోషిగా బయటపడ్డాడు. మరుసటి ఏడాది, 1964లో వచ్చిన చట్టం అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టుల్లో పేద ముద్దాయికి ప్లీడరుతోపాటు పరిశోధకుడి ఖర్చు కూడా ఇచ్చే ఏర్పాటు చేసింది. ఇలా ముద్దాయిల పక్షాన పరిశోధన చేసేవారిలో మాజీ పోలీసులు చాలామంది ఉన్నారు.

మన దేశంలో అలాంటి ఏర్పాటు చట్టంలో లేదు. అలాగని నిషేధమూ లేదు. ప్లీడరు తన సహాయానికి అనుభవజ్ఞుణ్ణి పెట్టుకోవచ్చు.

గడియారం చెప్పే సాక్ష్యం

అనుభవం ఉన్న పోలీసు కేసు కాగితాలు చేతికి రాగానే ముందు చూసేది నేరం వివరాలు కాదు, వేళలు. దెబ్బలాట ఎన్ని గంటలకు జరిగింది? ఫిర్యాదు ఎన్ని గంటలకు అందింది? ఎఫ్.ఐ.ఆర్. మేజిస్ట్రేటు దగ్గరకు ఎప్పుడు చేరింది? ఎఫ్.ఐ.ఆర్. కట్టగానే ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలన్నది చట్టం. స్టేషన్ నుంచి కోర్టుకు అరగంట దారి అయినప్పుడు, రాత్రి కట్టిన ఎఫ్.ఐ.ఆర్. మర్నాడు సాయంత్రానికి గాని చేరకపోతే, మధ్యలో ఏం జరిగిందని అడగవలసిందే. ఆలస్యానికి సరైన కారణం ఉంటే ఉండవచ్చు. లేకపోతే, కూర్చుని పేర్లు కలుపుకోవడానికి ఆ వ్యవధి చాలు.

తర్వాత చూసేది ఆసుపత్రి. గాయపడిన వాణ్ణి ముందు ఆసుపత్రికే తీసుకువెళతారు. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అని డాక్టరు అడిగి రిజిస్టరులో రాసుకుంటాడు. రాత్రి పది గంటలకు ఆ రిజిస్టరులో "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉండి, తెల్లవారి ఫిర్యాదులో పదకొండు పేర్లు తండ్రి పేర్లతో సహా వస్తే, ఆ తేడా సామాన్యమైనది కాదు. ఆ రిజిస్టరు సంగతి ఊళ్లో వాళ్లకు తట్టదు. స్టేషనులో రైటరుగా చేసినవాడికి ముందు తట్టేది అదే.

మూడోది వెలుతురు. "కరెంటు దీపం వెలుగులో చూశాను" అని సాక్షులు చెబుతారు. ఆ సమయంలో ఆ లైనులో కరెంటు ఉందా? సబ్‌స్టేషన్ లాగు పుస్తకంలో కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ రాసి ఉంటాయి. ఆ స్తంభానికి దీపం ఉందా, వెలుగుతున్నదా, సాక్షి నిలబడ్డానన్న గడ్డివామి దగ్గర నుంచి ఎంత దూరం కనిపిస్తుంది? ఇవి కాగితం మీద తేలవు. అదే వేళకు, అదే చోటుకు వెళ్లి నిలబడి చూడాలి. నేరస్థలం పటం గీసిన చేతులకు ఏ కొలత వదిలేస్తే ఏం దాగుతుందో తెలుసు.

మధ్యవర్తులు, వాంగ్మూలాలు

కత్తి, కర్ర, రక్తపు చొక్కా దొరికాయంటూ పంచనామా ఉంటుంది. దాని మీద మధ్యవర్తుల సంతకాలు ఉంటాయి. ఆ మధ్యవర్తులు నిజంగా ఆ వేళకు అక్కడ ఉన్నారా? ఇంతకుముందు ఇదే స్టేషన్ కేసుల్లో ఎన్నిసార్లు సంతకం పెట్టారు? గ్రామ ఉద్యోగి మధ్యవర్తి అయితే ఆ రోజు అతడి హాజరు ఎక్కడ పడింది? పోలీసుల ఎదుట ముద్దాయి నేరం ఒప్పుకున్నాడని ఎంత రాసినా, ఆ ఒప్పుకోలు సాక్ష్యానికి పనికిరాదు. అతడు చెప్పిన దాన్నిబట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట మాత్రమే చెల్లుతుంది. అందుకే పంచనామా అంత ముఖ్యం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. వీడియో ఉందా, ఏ వేళకు మొదలై ఏ వేళకు ఆగింది అన్నది చూడవలసిన మొదటి సంగతుల్లో ఒకటి.

సాక్షులు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాల సంగతి సరేసరి. వాటి మీద సాక్షి సంతకం ఉండదు. ముద్దాయి పక్షం వాటిని వాడుకునేది ఒక్కందుకే. సాక్షి కోర్టులో చెప్పేదానికీ, నాడు చెప్పినదానికీ ఉన్న తేడా చూపడానికి. నాడు చెప్పకుండా ఇప్పుడు కొత్తగా చెప్పే ముఖ్యమైన సంగతి కూడా తేడా కిందికే రావచ్చు. నలుగురు సాక్షుల వాంగ్మూలాలు ఒకే వాక్యాలతో, ఒకే తప్పులతో ఉంటే అది ఎలా తయారైందో స్టేషనులో పనిచేసినవాడికి చెప్పనక్కర్లేదు. ఛార్జిషీటు, వాంగ్మూలాల నకళ్లు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. ముద్దాయి కోర్టులో హాజరైన నాటి నుంచి 14 రోజులు మించకూడదని కొత్త చట్టం గడువు పెట్టింది.

అరెస్టు తేదీ మరో చిక్కుముడి. సోమవారం ఇంటి నుంచి తీసుకుపోయి గురువారం బస్టాండులో పట్టుకున్నట్లు రాస్తే, మధ్య మూడు రోజులూ నిరూపించడం ఎలా? పూర్వం ఇంట్లోవాళ్లు వెంటనే పై అధికారులకు టెలిగ్రాం ఇచ్చేవారు. ఆ వేళ ముద్ర కోర్టులో పనికివచ్చేది. టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఇప్పుడు స్పీడ్ పోస్టు రసీదు, ఈమెయిలు ఆ పని చేస్తాయి. అన్ని పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టాలనీ, వాటి రికార్డును 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాదిపాటు భద్రపరచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో ఆదేశించింది. ఆ రికార్డును చెరిపివేయకుండా ఉంచమని సకాలంలో కోర్టును అడిగే ప్లీడరుకు, ఏ రోజు ఏ గేటు వైపు చూడాలో చెప్పగలవాడు పక్కన ఉండాలి.

తొలి రోజుల ఆల్బమ్, పదహారేళ్ల జైలు

ఇవన్నీ చిన్న సంగతులుగా కనిపించవచ్చు. ఎంత పెద్దవో ఒక కేసు చూస్తే తెలుస్తుంది. మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో 2003 జూన్‌లో ఒక కుటుంబంపై రాత్రివేళ దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు. సంచార జాతికి చెందిన ఆరుగురు నిరుపేదలను ముద్దాయిలుగా నిలబెట్టారు. కేసు కోర్టులు మారుతూ పోయి, 2009 నాటికి ఆరుగురికీ ఉరిశిక్ష ఖాయమైంది. చివరకు 2019 మార్చిలో సుప్రీంకోర్టు కేసును తిరిగి పరిశీలించి ఆరుగురినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది.

కోర్టు గుర్తించిన లోపం ఏమిటంటే, దాడి నుంచి బతికి బయటపడిన సాక్షి తొలి రోజుల్లోనే పోలీసులు చూపిన పాత నేరస్థుల ఫోటోల్లోంచి వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురి వైపు దర్యాప్తు సాగలేదు. ఆ సంగతి ముందుకు రాలేదు. ఇలాంటి కేసులో సాక్షికి ఆల్బమ్ చూపడం స్టేషనులో మామూలే. "ఫోటోలు చూపారా, ఎవరిని చూపింది?" అన్న ప్రశ్న పాత పోలీసుకు మొదటి రోజే తడుతుంది. ఆరుగురు నిరుపేదల పక్షాన ఆ ప్రశ్న సమయానికి, గట్టిగా అడిగినవారు ఉంటే వారి జీవితంలో పదహారేళ్లు ఇలా పోయేవి కావేమో.

మన ప్రాంతం సంగతీ గుర్తు చేసుకోవాలి. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో నందిగామ ప్రాంతపు యువకుడికి 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. నేరం రుజువు కాలేదని 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అప్పటికి అతడు జైల్లో ఎనిమిదేళ్లకు పైగా గడిపాడు. 2018లో కేసును మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేయమని సి.బి.ఐ.కి అప్పగించవలసి వచ్చింది. దర్యాప్తు సరిగా లేకపోతే నష్టపోయేది ముద్దాయి ఒక్కడే కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కూడా న్యాయం అందదు.

మనవాడి అబద్ధమూ బయటపడాలి

ముద్దాయి పక్షాన పనిచేసే పరిశోధకుడు మనకు అనుకూలమైనవే తెస్తాడనుకోవడం పొరపాటు. "ఆ రోజు విజయవాడ మార్కెట్‌లో ఉన్నాను" అని మనవాడు చెబితే, నిజంగా ఉన్నాడో లేడో ముందు తేల్చుకోవలసింది మన పక్షమే. కీసర టోల్‌గేటు దాటిన బండి లెక్క, సరుకు తూచిన కాటా చీటీ, ఫోను టవర్ వివరాలు అబద్ధాన్ని పట్టించగలవు. ఊళ్లో లేనన్న వాదన అబద్ధమని కోర్టులో తేలితే, మిగతా నిజాలు కూడా చెల్లని కాసులవుతాయి. ముద్దాయిలను ఏళ్ల తరబడి ప్రశ్నించిన మనిషి ముందు కూర్చుంటే, ఇంట్లోవాళ్ల దగ్గర నిలిచిన బొంకు ఎక్కువసేపు నిలవదు. ఆ చేదు నిజం ప్లీడరుకు ముందే తెలియడం ముద్దాయికే మేలు.

హద్దులు తెలుసుకోవాలి

ఖాకీ విడిచాక అధికారం ఉండదు. రిటైరైన పోలీసుకు ఎవరినీ పట్టుకునే, సోదా చేసే, పిలిపించే హక్కు లేదు. సాక్షి మాట్లాడనంటే తిరిగి వచ్చేయాలి. సాక్షిని బెదిరించినా, అబద్ధపు సాక్ష్యం సృష్టించినా, ఆధారాలు మాయం చేసినా అది కొత్త నేరం. పాత కేసు కంటే అదే బరువు కావచ్చు. ఫోను కాల్ వివరాలను చాటుగా కొని తెప్పిస్తామనేవారిని దగ్గరకు రానివ్వకూడదు. అలా కాల్ రికార్డులు అక్రమంగా సంపాదించారన్న కేసులో 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు ప్రైవేటు డిటెక్టివులను అరెస్టు చేశారు. అవసరమైన రికార్డులను కోర్టు ద్వారానే తెప్పించాలి.

మరో ప్రమాదం పైరవీ. "ఆ యస్.ఐ. నా దగ్గర పనిచేసినవాడే, ఒక్క మాట చెబితే చాలు" అనే మనిషి మనకు అక్కర్లేదు. మనకు కావలసింది అతడి పలుకుబడి కాదు, అతడి చూపు. ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలను అదుపు చేయడానికి 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. కనుక ఎవరు పడితే వారు బోర్డు కట్టుకోవచ్చు. మంచిచెడ్డలు విచారించుకోవలసిన భారం మనదే.

ఎలా పెట్టుకోవాలి?

మొదటి సూత్రం, ప్లీడరు ద్వారానే పెట్టుకోవాలి. ప్లీడరుతో ముద్దాయి చెప్పుకున్న సంగతులు బయట పెట్టకూడదన్న రక్షణ చట్టంలో ఉంది. ప్లీడరు గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా అది వర్తిస్తుంది. మనమే విడిగా ఒకరిని మాట్లాడుకుని మనసు విప్పితే ఆ రక్షణ ఉంటుందన్న భరోసా లేదు.

రెండోది, ఈ కేసు దర్యాప్తులో ఎప్పుడైనా చెయ్యి పెట్టిన ఉద్యోగి పనికిరాడు. అదే స్టేషనులో ఈ మధ్యే పనిచేసి, నేటి సిబ్బందితో రాకపోకలున్నవాడికంటే వేరే సర్కిల్లో చేసినవాడు మేలు. పెద్ద హోదాయే కావాలనేం లేదు. ఎన్నో కేసు డైరీలు రాసిన హెడ్డు కానిస్టేబులు, కోర్టు కానిస్టేబులు చాలాసార్లు ఎక్కువ ఉపయోగపడతారు.

మూడోది, అసలు కాగితాలు అతడి చేతికి ఇవ్వకూడదు. నకళ్లే ఇవ్వాలి. ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకోవాలి. "పై వాళ్లకు ఇవ్వాలి" అంటూ డబ్బు అడిగిన రోజే సెలవు చెప్పాలి.

సేకరించినవి ఎప్పుడు బయట పెట్టాలన్నది ప్లీడరు నిర్ణయం. దర్యాప్తు సాగుతున్నప్పుడే అధికారికి అర్జీతో ఇస్తే, నిజాయితీ గల అధికారి పేరు తొలగించవచ్చు. కొన్నిటిని విచారణ దాకా దాచి ఉంచడం మేలు కావచ్చు. అభియోగాలు మోపే దశలో కోర్టు సాధారణంగా పోలీసు కాగితాలనే చూస్తుంది. ముద్దాయి ఆధారాలకు అసలు అదను, సాక్షుల అడ్డు సవాళ్లప్పుడు, తన సాక్షులను పిలుచుకునేటప్పుడు వస్తుంది.

లేనివారి గతి?

పొలం తాకట్టు పెట్టి బెయిలు తెచ్చుకున్నవాడికి ఇదంతా భారమే. పేదలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ద్వారా లభిస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, మహిళలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించడానికే ప్రత్యేకంగా న్యాయవాదులను నియమించే పద్ధతిని జాతీయ న్యాయ సేవల సంస్థ 2022లో మొదలుపెట్టింది. ఆ న్యాయవాదులకు తోడుగా, మచ్చలేని రిటైర్డు పోలీసుల జాబితా ఒకటి ప్రతి జిల్లాలో తయారుచేస్తే, గ్రామసీమల పేదలకు ఎంతో మేలు జరుగుతుంది. సర్కారు ఖర్చుతో నేర్చుకున్న విద్య, పింఛను వయసులో సర్కారు చూపు పడని మనిషికి అందినట్లవుతుంది.

అంతదాకా ఇంట్లోవాళ్లు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కేసులో పేరు వచ్చిందని తెలిసిన రోజే, ఆ రోజంతా ఎక్కడ ఉన్నదీ, ఎవరిని చూసిందీ గంటగంటకు ప్లీడరు కోసం కాగితం మీద రాసి అతడికి ఇవ్వాలి. బస్సు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ, కాటా రసీదు, ఉపాధి హామీ హాజరు ఏది ఉన్నా భద్రపరచాలి. దారిలోని దుకాణాల, పెట్రోలు బంకుల కెమెరాల సంగతి వెంటనే ప్లీడరుకు చెప్పాలి. చాలాచోట్ల కొద్ది వారాల్లోనే పాత బొమ్మల మీద కొత్త బొమ్మలు వచ్చి పడతాయి. ఫోను మార్చకూడదు, అందులోనివి చెరపకూడదు. సాక్షుల ఇళ్ల చుట్టూ తిరగకూడదు.

పోలీసులు కేసు కట్టడం వారి పని. ఆ కట్టుబడి గట్టిదో కాదో తట్టి చూసుకోవడం ముద్దాయి హక్కు. తట్టే చెయ్యి ఆ పని తెలిసినదైతే, కొట్టిన ముగ్గురూ శిక్షకు దగ్గరవుతారు, ఊళ్లో లేని కుర్రవాడు ఇంటికి చేరతాడు.